దీపం కింద చీకటి: గోదావరి డెల్టాలో పెట్రోమాక్స్ దీపం - చరిత్ర, ఇంధనం, పునరుద్ధరణ

ఉపోద్ఘాతం

పాత ఇత్తడి సామాను సేకరించేవారికి పెట్రోమాక్స్ దీపం ఇప్పుడు అపురూప వస్తువు. ఒకప్పుడు పెళ్ళి ఊరేగింపుల్లోనూ తీర్థాల్లోనూ వీధినాటకాల్లోనూ వెలిగిన ఈ దీపాన్ని కొన్నవారు మొదట తళతళలాడేటట్లు తోమిస్తారు. సొట్టలు తీయిస్తారు. ఆపైన చాలామంది దాని ట్యాంకుకు రంధ్రం వేయించి, తీగ దూర్చి, మేంటిల్ ఉండవలసిన చోట విద్యుద్దీపం అమర్చి ముందుగదిలో పెడతారు. చూపరులకు అది పాత దీపమే. చరిత్ర విద్యార్థికి మాత్రం అక్కడ మిగిలింది దీపపు ఆకారం ఒక్కటే. రంధ్రం పడిన ట్యాంకులో గాలి నిలవదు. గాలి నిలవని పెట్రోమాక్స్ మళ్ళీ వెలగదు.

ఈ దీపాన్ని పునరుద్ధరించడమంటే ఏమిటి అన్నది ఈ వ్యాసంలో ప్రధాన ప్రశ్న. దానికి సమాధానం చెప్పాలంటే గోదావరి డెల్టాలో ఈ దీపం ఎలా బతికిందో ముందు తెలుసుకోవాలి. అది ఎక్కువగా ఇంటి దీపం కాదు, సందర్భానికి అద్దెకు తెచ్చుకున్న దీపం. ఈ నేల పండించిన నూనెతో వెలగని దీపం. పక్కన ఒక మనిషి లేకుండా రాత్రంతా నిలవని దీపం. ఈ మూడు లక్షణాలను కలిపి చూసినప్పుడే దాని చరిత్ర అర్థమవుతుంది. ఆ చరిత్ర గుర్తులను చెరపకుండా దీపాన్ని వెలిగించగలగడమే సరైన పునరుద్ధరణ అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

ఆముదం నుంచి కిరసనాయిలు దాకా

పంతొమ్మిదో శతాబ్దంలో కిరసనాయిలు వచ్చేదాకా డెల్టా గ్రామాల్లో రాత్రి వెలుగంటే గింజల నుంచి తీసిన నూనె వెలుగే. ఇంట్లో ప్రమిద, సెమ్మె, గూట్లో దీపం. వీధిలో కాగడా, దివిటీ. నువ్వులూ ఆముదపు గింజలూ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో పండేవి, గానుగ అందుబాటులో ఉండేది, వత్తికి పత్తి ఉండేది. దీపానికి కావలసిన ప్రతి వస్తువూ నడిచి వెళ్ళగలిగిన దూరంలో దొరికేది. ఆ వెలుగు పరిమితమైనదే కాని, దాని కోసం ఓడ రాకకు ఎదురుచూడవలసిన అవసరం లేదు.

ఆధునిక తెలుగు రంగస్థలం పుట్టింది ఈ వెలుగుల కాలంలోనే. కందుకూరి వీరేశలింగం 'వ్యవహార ధర్మబోధిని'ని రాజమహేంద్రవరంలో 1880లో ప్రదర్శింపజేశారు. పెట్రోమాక్స్‌కు ప్రాణమైన మేంటిల్ అప్పటికి ఇంకా పుట్టలేదు. రాజమహేంద్రవరం నాటక సమాజానికి 'గయోపాఖ్యానం' రాసిచ్చిన చిలకమర్తి లక్ష్మీనరసింహం రేచీకటితో బాధపడినవారు, తరువాత చూపు పూర్తిగా కోల్పోయినవారు. రాత్రివేళ ఆడవలసిన నాటకాలను రాత్రివేళ చూపు ఆనని రచయిత రాశారన్న విషయాన్ని సాహిత్య చరిత్రలో కవి జీవిత విశేషంగానే చెప్పుకుంటున్నాం. వెలుగు కొరతగా ఉన్న కాలపు రంగస్థల చరిత్రలో భాగంగానూ దాన్ని చదవవచ్చు.

డెల్టా ఆర్థిక స్థితి అప్పటికే మారింది. 1847 - 1852 మధ్య ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో ఆనకట్ట నిర్మాణం జరిగింది. కాలువలు పొలాలకు నీళ్ళివ్వడమే కాక సరుకు పడవలకు దారులయ్యాయి. 1900లో రాజమహేంద్రవరం వద్ద గోదావరి మీద హేవలాక్ రైలువంతెన ప్రారంభమైంది. కాకినాడ రేవులో దిగిన సరుకు కాలువల మీదా రైలు మీదా డెల్టా లోపలికి చేరే మార్గం ఏర్పడింది. ఆ సరుకుల్లో కిరసనాయిలు ఒకటి. మొదట బుడ్డిదీపంగా, తరువాత హరికేన్ లాంతరుగా అది ఇళ్ళలోకి ప్రవేశించింది. అయితే హరికేన్ లాంతరు వెలుగు సుమారు నాలుగు నుంచి పన్నెండు కొవ్వొత్తుల పాటిది. నలుగురు కూర్చున్న అరుగుకు అది చాలుతుంది. నాలుగు వందలమంది కూర్చున్న మైదానానికి చాలదు. ఆ కొరత తీర్చినది పెట్రోమాక్స్.

యంత్రం, దాని పేరు

ఆస్ట్రియా రసాయనవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ 1885లో మేంటిల్‌కు తొలి పేటెంటు పొందాడు. 1891 నాటికి దాన్ని మెరుగుపరిచి, 99 పాళ్ళు థోరియం ఆక్సైడు, ఒక పాలు సీరియం ఆక్సైడు ఉండే మిశ్రమానికి చేరుకున్నాడు. లవణద్రవంలో ముంచి ఆరబెట్టిన గుడ్డసంచిని మొదటిసారి కాల్చినప్పుడు నూలు కాలిపోతుంది, ఆక్సైడుల అల్లిక మాత్రం నిలుస్తుంది. మంట తగిలితే ఆ బూడిద అల్లికే తెల్లగా ప్రజ్వలిస్తుంది. వెల్స్‌బాక్ దీన్ని నగరాల్లో గొట్టాల ద్వారా వచ్చే గ్యాసుకోసం తయారుచేశాడు. గొట్టాలు లేని చోట కిరసనాయిలునే గ్యాసుగా మార్చి మేంటిల్‌కు అందించవచ్చునన్న ఆలోచన నుంచి పుట్టినది పీడన దీపం. బెర్లిన్‌లోని ఎహ్రిచ్ అండ్ గ్రేట్జ్ సంస్థ 1910 ప్రాంతంలో ఆ రకం దీపాన్ని పెట్రోమాక్స్ పేరుతో తెచ్చింది. పెట్రోలియం అన్న మాటకు, సంస్థ అధిపతి మాక్స్ గ్రేట్జ్ పేరులోని మొదటి మాటను చేర్చితే వచ్చిన పేరది. ఇంగ్లండులో టిల్లీ, అమెరికాలో కోల్‌మన్, స్వీడన్‌లో ఆప్టిమస్ వంటి పేర్లతో ఇదే కుటుంబపు దీపాలు వచ్చాయి. మన వాడుకలో మాత్రం ఏ సంస్థ చేసిన దీపమైనా పెట్రోమాక్సే. సంస్థ పేరు జాతివాచకమైన మాటల్లో ఇది ఒకటి.

దీని పనితీరు చూడడానికి జటిలమైనా సూత్రం సులభం. అడుగున ఇత్తడి ట్యాంకు, దానికి పక్కన చేతి పంపు, గాలి ఎంత పట్టిందో చూపే మీటరు. పంపు కొడితే ట్యాంకులోని గాలి ఒత్తిడి కిరసనాయిలును సన్నని గొట్టం గుండా పైకి నెడుతుంది. ఆ గొట్టం ముందే వేడెక్కి ఉండాలి. అందుకే చిన్న గిన్నెలో స్పిరిట్ పోసి వెలిగించి ఒకటి రెండు నిమిషాలు కాలనిస్తారు. వేడి గొట్టంలో కిరసనాయిలు ఆవిరై, నిపిల్‌లోని సూదిమొనంత రంధ్రం గుండా చిమ్ముతుంది. దారిలో గాలితో కలిసి మేంటిల్‌లో మండుతుంది. ఒకసారి వెలిగిన తరువాత ఆ మంట వేడే గొట్టాన్ని వేడిగా ఉంచుతుంది. నిపిల్ రంధ్రంలో మసి అడ్డుపడితే తీయడానికి లోపల పిన్ను ఉంటుంది. ప్రసిద్ధమైన పెద్ద రకానికి 500 కొవ్వొత్తుల వెలుగు అని తయారీదారులు ప్రకటించేవారు. దాని ట్యాంకులో సుమారు లీటరు కిరసనాయిలు పడుతుంది, అది సుమారు 8 గంటలు మండుతుంది.

కోస్తాలో దీన్ని గ్యాసులైటు అని కూడా అన్నారు. కిరసనాయిలు దీపాన్ని గ్యాసులైటు అనడం తెలియనితనం వల్ల జరిగిన పొరపాటుగా కనిపించవచ్చు. నిజానికి ఆ పేరు యంత్రధర్మానికి సరిగ్గా సరిపోతుంది. ఈ దీపంలో మండేది ద్రవం కాదు, ద్రవం నుంచి పుట్టిన ఆవిరి. వాడుకరి పెట్టిన పేరు శాస్త్రానికి దగ్గరగా ఉంది. తెలంగాణలో కిరసనాయిలునే గ్యాసునూనె అనడం, మరాఠీలో ఘాస్లేట్ అనడం దీనికి సోదర విశేషాలు. ఒకచోట గ్యాసు అన్న మాట దీపానికీ మరొకచోట ఇంధనానికీ అంటుకుంది.

క్రియాపదాల్లోనూ మార్పు కనిపిస్తుంది. నూనెదీపం ఆరిందని అనడం అశుభమని 'కొండెక్కింది', 'ఘనమైంది' అంటాం. గ్యాసులైటుకు ఆ మర్యాద అక్కరలేకపోయింది. దానికి 'గాలి కొడతారు', చివర 'గాలి తీసేస్తారు'. నూనెదీపం గర్భగుడిలో దైవసన్నిధిలో నిలిచింది. పెట్రోమాక్స్ దేవుడి ఊరేగింపుకు వెలుగునిచ్చినా దేవుడి ముందు దీపం కాలేదు. ఒకటి ఆరాధనకు, మరొకటి పనికి అన్న విభజనను భాష స్పష్టంగా నమోదు చేసింది.

అద్దె వెలుగు

పెట్రోమాక్స్ కొనడం, నిర్వహించడం సామాన్య కుటుంబానికి అలవికాని పని. అందువల్ల అది అద్దె వస్తువైంది. పెళ్ళికి వంటపాత్రలు, తివాచీలు, పందిరి సామాను అద్దెకిచ్చే దుకాణమే లైట్లు కూడా ఇచ్చేది. లెక్కకు రెండో, నాలుగో, డజనో. ఊరేగింపులో ఎన్ని గ్యాసులైట్లు నడిచాయన్నది ఆ ఇంటి అంతస్తుకు కొలతగా మారింది. కాలువల సేద్యం తెచ్చిన వరిపంట సంపద పెళ్ళిళ్ళలో ప్రదర్శనగా వెల్లడైన తీరును చదవడానికి ఈ దీపాల సంఖ్య ఒక ఆధారం.

తీర్థాలు, రాత్రి సంతలు, ఎన్నికల సభలు, హరికథలు, బుర్రకథలు, పద్యనాటకాలు అన్నీ దీని వెలుగులో జరిగాయి. రాత్రి చేపల వేటకు, కళ్ళంలో పనికి, పొలంలో పురుగులను ఆకర్షించే దీపపు ఎరకు కూడా ఇది ఉపయోగపడింది. ఒక ట్యాంకు కిరసనాయిలు 8 గంటలు మండడమంటే, రాత్రి పదింటికి మొదలై తెల్లవారేదాకా సాగే నాటకానికి ఒక్కసారి పోసిన ఇంధనం సరిపోవడమే. గాలి మాత్రం సరిపోదు. ట్యాంకు ఖాళీ అవుతున్నకొద్దీ ఒత్తిడి తగ్గి వెలుగు పసుపుపచ్చగా దిగిపోతుంది. అప్పుడొక మనిషి వచ్చి పంపు కొట్టాలి. రాజు సభలో ఉన్నా, రాయబారం నడుస్తున్నా వేదిక మీదికి ఆ మనిషి రావలసిందే. మైకులు లేని రోజుల్లో నటుడి పద్యం దీపం బుసను దాటి చివరి వరుసకు వినబడాలి. పద్యాన్ని గొంతెత్తి, సాగదీసి పాడే సంప్రదాయాన్ని పరిశీలించేవారు ఈ నిరంతర ధ్వనిని కూడా లెక్కలోకి తీసుకోవలసి ఉంది.

తోలుబొమ్మలాటలో ఈ మార్పు మరింత సూక్ష్మమైనది. కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ కళకు పేరుపొందిన ఊరు. తెర వెనుక ఆముదపు దీపాలున్న రోజుల్లో మంట కదలికతోపాటు బొమ్మ నీడ కూడా సన్నగా చలించేది. ఈ కళలో ఆముదం స్థానాన్ని క్రమంగా పెట్రోమాక్స్, ఆ తరువాత విద్యుద్దీపం ఆక్రమించాయి. తెల్లని నిలకడ వెలుగులో తోలు మీది రంగులు స్పష్టమయ్యాయి, చిల్లుల పనితనం తేటపడింది. కాని మంటకు సహజమైన చలనం పోయింది. బొమ్మను కదిలించే భారమంతా ఆడించేవాడి చేతి మీదే పడింది.

ఇక ఊరేగింపు. లైటును తలమీద చుట్టగుడ్డ మీద పెట్టుకుని మోసేవారు కూలికి వచ్చిన పేదలు. వారిలో స్త్రీలు, పిల్లలు కూడా ఉండేవారు. కాలిన మేంటిల్ నిజానికి బూడిద అల్లిక. చిన్న కుదుపుకు చిట్లుతుంది. మేంటిల్‌కు చిల్లిపడితే ఆ రంధ్రం గుండా చిమ్మిన మంట ఒకేచోట తగిలి గాజు పగులుతుంది. గతుకుల దారిలో, బాణసంచా మధ్య, మేళం వెంట గంటల తరబడి మెడ కదలకుండా నడవడం అనుభవంతో వచ్చే నేర్పు. ఆ నేర్పును కూలి అన్నారే కాని విద్య అనలేదు.

పెట్రోమాక్స్ నిర్మాణంలో మేంటిల్ పైన, ట్యాంకు కింద. వెలుగు చుట్టూ పరుచుకుంటుంది. నేరుగా కిందికి మాత్రం ట్యాంకు నీడ పడుతుంది. 'దీపం కింద చీకటి' అన్న సామెత ప్రమిదను చూసి పుట్టింది. గ్యాసులైటు విషయంలో అది సామాజిక సత్యంగా మారింది. ఆ నీడలో ఉన్నది మోసేవారి ముఖం. పెళ్ళికొడుకు, పల్లకి, మేళగాళ్ళు వెలుగులో కనిపిస్తారు. వెలుగు మోసినవారు తమ వెలుగులో తామే కనిపించరు.

సముద్రం దాటివచ్చిన ఇంధనం

ఆముదం, నువ్వుల నూనె, కొబ్బరినూనె విస్తారంగా దొరికే డెల్టాలో పెట్రోమాక్స్‌ను వాటితో ఎందుకు వెలిగించలేకపోయారు? కారణం రసాయనికమైనది. కిరసనాయిలు వేడి గొట్టంలో శుభ్రంగా ఆవిరవుతుంది. గింజల నూనెలు ఆవిరయ్యేలోపే విచ్ఛిన్నమై గొట్టం లోపల గట్టి మసిగా పేరుకుంటాయి. ప్రమిదలో వత్తి ఆ కష్టాన్ని భరిస్తుంది, సూదిమొనంత నిపిల్ భరించలేదు. ఈ కారణంగా డెల్టా రాత్రి మొదటిసారిగా తన నేల మీద కాక దూరదేశపు బావుల మీద ఆధారపడింది. మేంటిల్ సంగతీ అంతే. దానికి కావలసిన థోరియం మోనజైట్ ఇసుక నుంచి వస్తుంది. 1909లో తిరువాన్కూరు తీరంలో ఆ ఇసుకను జర్మన్ రసాయనవేత్త షోంబర్గ్ గుర్తించిన తరువాత అది మేంటిల్ పరిశ్రమకు ముఖ్యమైన ఆధారమైంది. ఆంధ్ర తీరపు ఇసుకలోనూ మోనజైట్ పుష్కలంగా ఉందని తరువాతి సర్వేలు చెప్పాయి. అయితే పెట్రోమాక్స్ వెలిగిన రోజుల్లో మేంటిల్ అంగట్లో కొనే పరాయి సరుకే.

ఇంధనం విషయంలో బర్మా బంధం ప్రత్యేకించి గమనార్హం. భారతదేశానికి కిరసనాయిలు సరఫరా చేసిన ప్రధాన వనరుల్లో బర్మా ఒకటి. ఆ వ్యాపారంలో బర్మా ఆయిల్ కంపెనీ, 1928 తరువాత బర్మా షెల్ ప్రసిద్ధమైన పేర్లు. అదే సముద్రం మీదుగా కోరంగి, కాకినాడ రేవుల నుంచి తెలుగు కూలీలు రంగూనుకు వెళ్ళారు. రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో పనిచేసిన ఆ తెలుగువారిని అక్కడ కోరంగీలు అని పిలిచారు. డెల్టా మనుషులు అటు వెళ్ళారు, డెల్టా రాత్రులకు కావలసిన నూనె ఇటు వచ్చింది. 1942 మార్చిలో రంగూను జపాను వశమైనప్పుడు ఈ రెండు ప్రవాహాలూ ఒక్కసారే తెగిపోయాయి. ఏప్రిల్ 6న కాకినాడ, విశాఖపట్నాల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. బర్మా నుంచి శరణార్థులు అడవిదారుల్లో తిరిగివచ్చారు. కిరసనాయిలు మాత్రం రాలేదు.

యుద్ధకాలపు నియంత్రణతో కిరసనాయిలు 'కంట్రోలు' వస్తువైంది. ఆ మాట వాడుకలో ఎంతగా పాతుకుపోయిందంటే, యుద్ధం ముగిసిన చాలా దశాబ్దాల తరువాత కూడా చౌకడిపోను కంట్రోలు షాపు అనే అన్నారు. లీటరు లెక్కన ఇచ్చే కిరసనాయిలు బుడ్డిదీపానికీ పొయ్యికీ పంచుకోవలసిన ఇంట్లో, రాత్రికి లీటరు తాగే పెట్రోమాక్స్‌కు చోటు లేదు. అద్దె దీపం అద్దె దీపంగానే ఉండిపోవడానికి ఇంధనపు కొరత కూడా ఒక కారణమని భావించవచ్చు. తరువాతి కాలంలో రాయితీ కిరోసిన్‌ను గుర్తించడానికి నీలిరంగు కలిపారు. 1993 నుంచి ప్రైవేటు వ్యాపారులు రాయితీ లేని తెల్ల కిరోసిన్‌ను దిగుమతి చేసి అమ్మడానికి అనుమతి లభించింది. వంటగ్యాసు, విద్యుత్తు విస్తరించాక 2010 దశకం చివరికి ఆంధ్రప్రదేశ్ కిరోసిన్ రహిత రాష్ట్రాల జాబితాలో చేరింది.

ఇందులో ఒక వైచిత్రి ఉంది. కిరసనాయిలు కోసం సముద్రం వైపు చూసిన ఈ డెల్టా కింద చమురు, సహజవాయువు నిల్వలున్నట్లు తరువాత తేలింది. 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావిలో పేలుడు జరిగి, రెండు నెలలకు పైగా మంటలు ఆరలేదు. దీపానికి లీటరు లెక్కన నూనె కొలిపించుకున్న సీమలో రాత్రులు ఆ వారాల్లో ఎవరూ కోరని వెలుగుతో నిండాయి. నేల కింద ఇంధనం ఉన్న ప్రాంతంలోనే ఇప్పుడు పాత దీపానికి శుద్ధమైన కిరసనాయిలు దొరకడం కష్టం.

విద్యుత్తు వచ్చిన తరువాత

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం ఉత్పత్తి ప్రారంభించడం ఆంధ్ర ప్రాంత విద్యుదీకరణలో ఒక మలుపు. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడింది. పట్టణాల తరువాత పెద్ద గ్రామాలు, వాటి తరువాత లంకలు, శివారు పేటలు వెలుగు చూశాయి. ఈ క్రమంలో పెట్రోమాక్స్ ఒక్కసారిగా అదృశ్యం కాలేదు. కరెంటు పోయినప్పుడు ఆదుకునే దీపంగా కొంతకాలం మిగిలింది. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపానులో వెయ్యిమందికి పైగా మరణించారు. విద్యుత్ స్తంభాలు కూలి, కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. తీగ తెగితే ఊరంతా ఒకేసారి చీకటవుతుంది. తన ఇంధనం తనలోనే మోసుకునే దీపం అలాంటి వేళ విలువ తెలియజేస్తుంది.

ఊరేగింపుల్లో దాని స్థానాన్ని జనరేటరు బండి, తీగతో కలిపిన ట్యూబులైట్ల వరుస ఆక్రమించాయి. గమనించవలసినదేమంటే, దీపం మారినా మోసేవారు మారలేదు. ట్యూబులైట్ల స్తంభాలను తలల మీద పెట్టుకుని, ఒకే తీగకు కట్టుబడి వరుసగా నడిచినవారూ ఆ కూలివారే. సాంకేతికత మారినంత మాత్రాన పని పంపిణీ మారదనడానికి ఇది నిదర్శనం.

పునరుద్ధరణ: ఏది బాగుచేయాలి, ఏది వదలాలి

ఈ నేపథ్యంలో పాత దీపం చేతికి వచ్చినప్పుడు మొదటి పని తోమడం కాదు, చదవడం. ట్యాంకు మీద ముద్రించిన సంస్థ పేరు, రకపు సంఖ్య, తయారైన దేశం కాలనిర్ణయానికి ఆధారాలు. వాటి పక్కన సుత్తితో, ఉలితో చెక్కిన తెలుగు అక్షరాలు, వరుస సంఖ్యలు ఉంటే అవి ఇంకా విలువైనవి. పెళ్ళి సామాను కలిసిపోకుండా పేర్లు చెక్కించుకోవడం మన అలవాటు. అద్దె దుకాణం సంఖ్య ఉన్న దీపం ఒంటరి వస్తువు కాదు, ఒక సముదాయంలో భాగం. అతికిన టంకం, వేరే దీపం నుంచి తెచ్చి బిగించిన హుడ్డు, రేకు కత్తిరించి చేసిన పిడి వంటివి ఊరి మెకానిక్కు సంతకాలు. వీటిని తీసి 'అసలు భాగాలు' వేయడం వల్ల దీపం బెర్లిన్ కర్మాగారం నుంచి వచ్చిన రోజుకు దగ్గరవుతుంది. గోదావరి తీరంలో గడిపిన దశాబ్దాలకు దూరమవుతుంది.

శుభ్రపరచడంలోనూ వివేకం అవసరం. చాలా దీపాలకు ఇత్తడి మీద నికెల్ పూత ఉంటుంది. చింతపండు, బూడిద, ఇసుక వేసి తోమితే పూత లేచిపోతుంది, చెక్కిన అక్షరాలు అరుగుతాయి. మెత్తని గుడ్డ, సబ్బునీరు చాలు. పూత లేని ఇత్తడికి చింతపండు పనికివచ్చినా, ఆ పులుపు మిగలకుండా కడిగి ఆరబెట్టాలి.

వెలిగించడానికి సిద్ధం చేసేటప్పుడు మూడుచోట్ల పరీక్ష ముఖ్యం. మొదటిది పంపు. దాని లోపలి తోలు వాషరు ఎండి ముడుచుకుపోతే గాలి ఎక్కదు. ఆముదంలోనో కొబ్బరినూనెలోనో నానబెడితే అది మళ్ళీ మెత్తబడుతుంది. దీపంగా వెలగలేకపోయిన డెల్టా నూనె ఈ యంత్రంలో పనికివచ్చే చోటు ఇదొక్కటే. రెండవది ట్యాంకు. కొద్దిగా గాలి కొట్టి, సైకిలు ట్యూబుకు చూసినట్లు నీళ్ళలో ముంచి బుడగలు చూడాలి. అతుకు బలహీనంగా ఉన్న ట్యాంకును ఒత్తిడితో వాడకూడదు. దాన్ని వెలిగించకుండా భద్రపరచడమే మంచిది. మూడవది ఆవిరి గొట్టం, నిపిల్. లోపల గట్టిపడిన మసిని తీసి, పిన్ను రంధ్రంలో సూటిగా కదులుతోందో లేదో చూడాలి.

ఇంధనం శుద్ధమైన కిరసనాయిలే కావాలి. భారతీయ ప్రమాణం ప్రకారం కిరసనాయిలు జ్వలన బిందువు కనీసం 35 డిగ్రీల సెల్సియస్. పెట్రోలుకు అది సున్నాకు ఎంతో దిగువన ఉంటుంది. కిరసనాయిలు కోసం చేసిన దీపంలో పెట్రోలు పోయడం, కలపడం ప్రాణాపాయం. డీజిలు బరువైనది కనుక సరిగా ఆవిరికాక మసి పెడుతుంది. ట్యాంకును నిండా నింపకూడదు. గాలికి పావువంతు చోటు వదలాలి. వెలిగించవలసింది ఆరుబయట, లేదా గాలి ఆడే చోట. పాతకాలపు మేంటిళ్ళలోని థోరియం స్వల్పంగా రేడియోధార్మిక పదార్థం. పగిలిన మేంటిల్ బూడిదను ఊదకూడదు, పీల్చకూడదు. తడిగుడ్డతో తుడిచి పారవేయాలి. ఇప్పటి మేంటిళ్ళలో అనేకం యిట్రియంతో తయారవుతున్నాయి కనుక వాటినే ఎంచుకోవడం క్షేమం.

వస్తువుతోపాటు భద్రపరచవలసింది మరొకటి ఉంది. నిపిల్, పిన్ను, వాషరు, మేంటిల్ వంటి మాటలు ఇంగ్లీషు నుంచి వచ్చినవే అయినా వాటి చుట్టూ అల్లుకున్న క్రియలు తెలుగువి. గాలి ఎక్కడం, వెలుగు దిగడం, మేంటిల్ కట్టడం, లైటు మోయడం. ఏ శబ్దానికి ఏ లోపమో చెవితో గుర్తించే జ్ఞానం పుస్తకాల్లో లేదు, బాగుచేసినవారి చేతుల్లో ఉంది. వృత్తిపదకోశాల నిర్మాణంలో వ్యవసాయం, చేనేత, కుమ్మరం వంటి వృత్తులకు తెలుగులో గట్టి పునాది పడింది. అద్దె సామాను, దీపాల మరమ్మతు, ఊరేగింపు కూలి వంటి ఇరవయ్యో శతాబ్దపు పనులకు కూడా అటువంటి సేకరణ జరగాలి. ఆ పనులు చేసినవారు ఇప్పుడు వృద్ధులు. ఇత్తడి ఇంకో వందేళ్ళు ఆగగలదు. వారి జ్ఞాపకం అంతకాలం ఆగదు.

ముగింపు

పెట్రోమాక్స్ దీపం డెల్టాకు కొత్త వెలుగును తెచ్చింది, దానితోపాటు కొత్త ఆధారపడటాన్నీ తెచ్చింది. ఇంధనం బర్మా నుంచి, మేంటిల్ పరదేశపు కర్మాగారం నుంచి, వెలుగు నిలకడ పంపు కొట్టే చేతి నుంచి, నడక మోసేవారి మెడ నుంచి వచ్చాయి. వీటిలో ఏది లేకపోయినా అది వెలగలేదు. అందువల్ల ట్యాంకుకు రంధ్రం వేసి విద్యుద్దీపం పెట్టిన పెట్రోమాక్స్ చరిత్రను అలంకారంగా మార్చివేస్తుంది. సొట్టలతో, టంకపు అతుకులతో, అద్దె దుకాణం సంఖ్యతో ఉండి, సంవత్సరానికి ఒక్కసారైనా కిరసనాయిలుతో బుసకొడుతూ వెలిగే దీపం ఆ చరిత్రను చెబుతుంది.

ప్రదర్శనశాలల్లో ఈ దీపాలను ఉంచేటప్పుడు తయారుచేసిన సంస్థ పేరుతోపాటు ఏ ఊళ్ళో, ఏ పనికి, ఎవరి తలమీద నడిచిందో తెలిసినంతవరకు రాయడం అవసరం. మోసినవారి పేర్లు అద్దె దుకాణాల చిట్టాల్లో లేకపోవచ్చు. వారి పిల్లల జ్ఞాపకాల్లో ఉన్నాయి. ఆ పేర్లను ఇప్పుడు రాసి ఉంచితే, దీపం కింద ఇంతకాలం నిలిచిన చీకటిలో కొంతైనా తగ్గుతుంది.